నూరువరహాల చెట్టు బాగుందని చెప్పాను

ఆళ్లగడ్డకు బదిలీ అయి వచ్చినప్పుడు నాకు నలభై నాలుగేళ్లు. ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనక నా కుర్చీ. పొద్దున్నుంచి ఆ కిటికీలోంచి చేతులు లోపలికి వస్తాయి, చీటీ ఇస్తాయి, మాత్రలు తీసుకుని వెళ్లిపోతాయి. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక" అనడం తప్ప నేను మాట్లాడేది తక్కువ. అంతకుముందు నంద్యాలలో పదేళ్లు అదే పని చేశాను. పెళ్లి మూడేళ్లు సాగి ఆగిపోయింది. పిల్లల్లేరు. పాములపాడులో తమ్ముడున్నాడు, పండగలకు ఫోన్ చేస్తాడు. రెండు పెట్టెలు, ఒక మంచం, గ్యాసు, మిక్సీ వేసుకుని నేను ఇల్లు మారిన రోజు టెంపోలో సగం ఖాళీగానే ఉండింది.

కొత్తింటి గేటు తీసేసరికి వాకిట్లో బోర్లించిన బకెట్ మీద ఒకామె కూర్చుని ఉంది. అరవై ఏళ్లు ఉంటాయేమో. నల్ల బురఖా, మొహం మీది గుడ్డ పైకి తీసి ఉంది. పక్కన ఒక సంచి. నాకంటే ముందు ఆ ఇంట్లో ఇరవై ఏళ్లకు పైగా అద్దెకున్న మనిషి. బట్టలు కుట్టి బతికింది. భర్త పోయి చాలా కాలమైందట. నంద్యాలలో కూతురు కుట్టుమిషన్ల అంగడి పెట్టుకుంటే, ఆమెకు తోడుగా వెళ్లిపోతోంది. సామాను ముందురోజే పంపేసింది. తాను మాత్రం నాకోసం ఆగింది.

"తాళం ఇంటాయనకు ఇచ్చేసినా. నీతో చెట్ల సంగతి చెప్పిపోదామని కూసున్నా మేడమ్," అంది.

వాకిలంతా నాపరాళ్లు పరిచి ఉన్నాయి. ప్రహరీగోడ వెంబడి మాత్రం రెండడుగుల మేర మన్ను వదిలారు. ఆ కాస్త మన్నులోనే ఆమె తోట. గేటు మీదికి రాధామనోహరం తీగ ఎక్కించింది. మూలన దేవగన్నేరు, దాని పక్కన రెండు ముద్దమందారాలు, గోడ మీదుగా వీధిలోకి వాలిన కాగితంపూలు. అన్నింటికీ మధ్యలో, నా భుజాల ఎత్తున, నూరువరహాల చెట్టు. ఎర్రటి గుత్తులు, ఒక్కొక్కటి దోసిలి నిండేంత.

మిగతా చెట్లను చేత్తో చూపించింది గానీ, నూరువరహాల దగ్గరికి నన్ను తీసుకుపోయి నిలబెట్టింది.

"ఇది ఈ నేల చెట్టు కాదు. కోస్తా నుంచి మా ఆయన తెచ్చినాడు, సైకిల్ మీద గాదు, లారీలో. ఈడ మన్నులోనే సున్నం ఉండాది, బోరునీళ్లలోనూ సున్నమే. దీనికేమో పులుపు కావాల. వారానికొక తూరి పుల్లమజ్జిగ నీళ్లు పొయ్యి. లేదంటే చింతపండు పిసికిన నీళ్లు. వాన పడితే డ్రమ్ములో పట్టుకో, ఆ నీళ్లు దీనికే. ఏమరితే ఆకు పసుపు తిరుగుతాది."

నేను తలూపాను. అంతవరకూ నేను తులసి కూడా పెంచిన దాన్ని కాదు. ఆమె నా ఫోన్ అడిగి తీసుకుని, తన నంబరు తానే కొట్టి, తన ఫోన్ మోగగానే ఆపేసింది.

"అప్పుడప్పుడు చేస్తా. ఏమనుకోవద్దు," అని సంచి ఎత్తుకుని వెళ్లిపోయింది. వీధి మలుపు దాకా వెనక్కి చూడలేదు.

మొదటి ఫోన్ వారం తర్వాత వచ్చింది. సాయంత్రం ఆరున్నర. అప్పుడే అన్నానికి పెట్టి, కుక్కర్ కూతకోసం ఊరికే నిలబడి ఉన్నాను.

"ఎట్లుండాది?"

ఎవరు, ఏమిటి అని లేదు. నూరువరహాల సంగతే అని నాకు వెంటనే తెలిసింది. బాగుందన్నాను. మజ్జిగ పోశావా అంది. పోశానన్నాను. నిజంగానే పోశాను. మొగ్గలెన్ని అంది. నేను ఫోన్ పట్టుకునే చెట్టు దగ్గరికి వెళ్లి లెక్కపెట్టి చెప్పాను. "సరే," అని పెట్టేసింది.

తర్వాత వారానికి రెండుసార్లయింది. దసరా నాటికి రోజూ అయింది. చెట్టుతో మొదలయ్యే మాటలు మెల్లగా ఇటూ అటూ పోయేవి. కూతురి అంగట్లో కొత్తగా వచ్చిన అమ్మాయి గుండీలు వంకరగా కుడుతోందని చెప్పేది. మహానందికి పోయే బస్సులు వాళ్ల వీధిలోనుంచే పోతాయని, సోమవారాలు జనం ఎక్కువని చెప్పేది. నేను ఆసుపత్రికి వచ్చినవాళ్ల గురించి చెప్పేదాన్ని. మొహాలు చూడకుండా చేతులే చూసే నేను, సాయంత్రం ఆమెకు చెప్పాలి గనక, మొహాలు చూడడం మొదలుపెట్టాను. ఒకరోజు ఒక ముసలాయన తన మాత్రలు భార్య చేతికిచ్చి, ఆమె మాత్రలు తాను జేబులో వేసుకుపోయిన సంగతి చెబితే చాలాసేపు నవ్వింది. నేను ఫోన్‌లో ఒకరిని నవ్వించి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు.

"మేడమ్" పోయి "పాపా" వచ్చింది. నేను "పెద్దమ్మా" అన్నాను. ఆరున్నరకు ముందే వంట ముగించి, కుర్చీ వాకిట్లో వేసుకుని కూర్చునేదాన్ని. అప్పటికి రాధామనోహరం కొత్తపూలు విచ్చుకుంటూ ఉండేవి. విచ్చినప్పుడు తెల్లగా ఉండి, మరునాటికి ఎర్రబారే పూలవి. ఆ వాసనలో ఆమె గొంతు వినడం నాకు అలవాటైపోయింది. ఏ కారణం చేతనైనా ఫోన్ రాకపోతే ఆ రాత్రి అన్నం సయించేది కాదు. ఆ మాట మాత్రం ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

ఉగాదికి ముందు ఇంటాయన ప్రహరీకి సున్నం కొట్టించుకోమన్నాడు. మొగుడూ పెళ్లామూ ఇద్దరు కూలీలు తెల్లవారుజామునే వచ్చి, ఎండ ఎక్కకముందే ముగించారు. నేను ఆసుపత్రికి బయలుదేరుతున్నాను. ఆ ఆడమనిషి సున్నం కలిపిన డ్రమ్ము కడిగిన నీళ్లు చూపించి, "ఇవి యాడ పొయ్యమంటావు మేడమ్?" అని అడిగింది.

"చెట్ల మొదట్లో పొయ్యండి. నీళ్లు పారబోసేదెందుకు?" అన్నాను.

చెప్పులు వేసుకుంటూ అన్న మాట అది. నీళ్లు వృథా చేయలేదన్న తృప్తితో వెళ్లిపోయాను. వాళ్లకు దగ్గరగా ఉన్న చెట్టు నూరువరహాలే. సాయంత్రం వచ్చి చూస్తే దాని మొదట్లో మన్ను మీద తెల్లటి పొర కట్టి ఉంది. చూశాను కూడా. ఎండితే పోతుందిలే అనుకున్నాను. అప్పటికి కూడా నాకు గుర్తు రాలేదు.

పది రోజులకు లేతాకులు పసుపు తిరిగాయి. ఈనెలు మాత్రం పచ్చగా, వాటి మధ్య అంతా పసుపు. అప్పుడు ఆమె మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. మన్ను తవ్వి తీసి కొత్తమన్ను వేశాను. రోజూ మజ్జిగ పోశాను. చింతపండు పిసికి పోశాను. ఎక్కువ పోసి ఇంకా చెడగొట్టానో ఏమో తెలియదు. ఏప్రిల్ ఎండలు కూడా తోడయ్యాయి. ఆకుల అంచులు మాడి ఒక్కొక్కటే రాలాయి. ప్రతి పొద్దునా వాటిని ఏరి కవర్లో వేసి, చెత్తబండి వచ్చేదాకా ఇంట్లో దాచేదాన్ని, ఎవరో చూస్తారన్నట్టు.

ఆకులు రాలడం మొదలైన ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆమె మామూలుగా అడిగింది.

"ఎట్లుండాది?"

"బాగుంది," అన్నాను.

నోరు తెరిచినప్పుడు నిజమే చెబుదామనుకున్నాను. బాగుందన్న మాట దానంతట అదే వచ్చింది. మరుసటి రోజు చెబుదామనుకున్నాను. ఆ మరుసటి రోజుకు, నిన్న బాగున్న చెట్టు ఇవాళ ఎలా చెడిందని చెప్పాలో తెలియలేదు. మే నెలలో కొమ్మ మీద గోటితో గీకితే లోపల పచ్చదనం లేదు. మొదలు దగ్గర గీకాను, అక్కడా లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేనప్పుడు, కత్తితో కొట్టి ముక్కలు చేసి గోనెసంచిలో కట్టాను. పని ముగించి నాపరాళ్ల మీద కూర్చుంటే కాళ్లు కాలాయి. అయినా కాసేపు లేవలేదు. ఆ సాయంత్రం ఆరున్నరకు, "రెండు గుత్తులు వచ్చినాయి పెద్దమ్మా," అని చెప్పాను.

అక్కణ్నుంచి ఆరు నెలలు లేని చెట్టును పెంచాను. వానలు పడ్డాక చిగుళ్లు వేసిందన్నాను. శ్రావణంలో చెట్టంతా ఎర్రగా ఉందన్నాను. పక్కింటివాళ్లు పూజకు అడిగితే నాలుగు గుత్తులు కోసిచ్చానన్నాను. ఆమె ప్రశ్నకు ఒక్కోసారి కళ్లు మూసుకుని, ఖాళీ మన్ను వైపు తిరిగి, ఉన్నట్టే చూసి చెప్పేదాన్ని. చెబుతున్నంతసేపూ హాయిగా ఉండేది. ఫోన్ పెట్టాక మాత్రం వాకిట్లో ఆ చోటు వైపు చూడలేక లోపలికి వచ్చేసేదాన్ని.

కార్తీకం దాటాక ఆమె ఒకరోజు చెప్పింది. "వచ్చే ఆదివారం ఆళ్లగడ్డలో మావాళ్ల పెండ్లి ఉండాది. పెండ్లి అయినాక నీ ఇంటికి వస్తా. చెట్టు చూసి శానా దినాలాయ."

రమ్మన్నాను. ఆ రాత్రి ఏమి తిన్నానో గుర్తులేదు.

సెలవు పెట్టి నంద్యాల వెళ్లాను. ఊరి బయట రోడ్డు వారగా ఉన్న నర్సరీలో, నూరువరహాల చెట్టు కావాలి, నా భుజాల ఎత్తు ఉండాలి, ఎర్రపూలది అని అడిగాను. నర్సరీ అతను రెండు చూపించాడు. రెండూ నడుము దాటలేదు.

"ఇంకా పెద్దది లేదా? కొంచెం పాతదాని మాదిరి కనపడాల," అన్నాను.

అతను నావైపు వింతగా చూశాడు. "పాతది కావాలంటే ఏండ్లు పెంచాల గదా మేడమ్. నా దగ్గర యాడిది?"

ఉన్నవాటిలో పెద్దది తీసుకున్నాను. ఆటోలో బస్టాండుకు వస్తూ, చెట్టును కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. రద్దీకి ఆటోవాడు సందులోకి తిప్పాడు. కుట్టుమిషన్ల అంగళ్లున్న వీధి అది. ఒక అంగడి ముందు స్టూలు మీద ఆమె కూర్చుని ఉంది. ఒళ్లో ఏదో బట్ట, దానికి కుట్లు విప్పుతోంది. లోపల ఎవరో ఇద్దరు గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదు. కాసేపటికోసారి తలెత్తి రోడ్డు వైపు చూసి, మళ్లీ వంగుతోంది. ఆటో ఆమెకు పదడుగుల దూరంలో ఆగింది. ముందు ట్రాక్టరు అడ్డం. నేను చీరకొంగు మొహానికి కప్పుకుని, రెండో చేత్తో చెట్టును వంచి పట్టుకున్నాను. పిలిస్తే పలికేంత దగ్గర. ఏడాదికి పైగా రోజూ విన్న గొంతు. పిలవలేదు. ట్రాక్టరు కదిలింది, మేమూ కదిలాం.

బస్సులో చెట్టు ఒళ్లో పెట్టుకుని ఆళ్లగడ్డ దాకా కూర్చున్నాను. కండక్టరు, "ఏందక్కా, చెట్టుకు కూడా సీటు కావాల్నా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె వచ్చింది. పెళ్లింటి నుంచి ఒక డబ్బాలో మిఠాయి తెచ్చింది. గేటు దగ్గరే నిలబడి రాధామనోహరం తీగను నిమిరింది. మందారం ఆకుల కింద వేళ్లు పెట్టి పురుగుందేమో తడిమింది. దేవగన్నేరు మొదలు మీద అరచేయి ఆనించి, "లావైనాది," అంది. నూరువరహాల దగ్గరికి చివర్న వచ్చింది. దాన్ని ముట్టుకోలేదు. వంగి, మన్నులో వేలు గుచ్చింది. మూడు రోజుల కిందట తవ్విన మన్ను, వేలు లోపలికి దిగిపోయింది. వేలికంటిన మన్ను దులుపుకుని, "టీ పెడతావా పాపా?" అంది.

టీ ఇచ్చాను. బోర్లించిన బకెట్ మీదే కూర్చుని సగం తాగింది.

"ఎప్పుడు పోయినాది?"

"మేలో."

"ఏమాయ?"

సున్నం నీళ్ల సంగతి చెప్పాను.

"నాకు తెల్సులే," అంది, గ్లాసు కింద పెట్టి. "ఇరవై ఏండ్లు దాన్ని సాకినా. ఏ నెలా అది తిన్నగా ఉండలా. ఒకతూరి ఆకు పండుబారుతాది, ఒకతూరి చీమలు పడతాయి, ఒకతూరి మొగ్గలు రాలుతాయి. నువ్వేమో వానకాలం నుంచి బాగుండాది, బాగుండాది అంటాండావు. ఒక్క ఆకు రాలిందని అనలా. అట్ల యాడన్నా ఉంటాదా చెట్టు?"

నేను తల దించుకున్నాను.

"తెలిసి మరి రోజూ ఎందుకడిగినావు పెద్దమ్మా?"

ఆమె మిఠాయి డబ్బా దగ్గరికి లాక్కుంది.

"ఫోన్ చేసినాక ఏదో ఒకటి అడగాల గదా. ఇంగేం అడిగేది?"

ఆమె కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. భర్త లారీలో తెచ్చిన చెట్టు. నేను క్షమించమన్నాను. "మనుషులే పోతాండారు," అంది. డబ్బాలోంచి ఒక మిఠాయి తీసి నా చేతిలో పెట్టి, తినేదాకా చూసింది. పోయేముందు కొత్త చెట్టును ఒకసారి ముట్టుకుంది. "దీని మన్ను అంతా తీసేసి ఎర్రమన్ను పొయ్యి. కిందంతా సున్నమే ఇంకా," అని చెప్పి, గేటు తానే వేసుకుని వెళ్లింది.

ఆ రోజు తర్వాత ఆరున్నరకు ఫోన్ మోగలేదు. వారం చూసి నేనే చేశాను. బాగున్నావా అంటే బాగున్నా అంది. తిన్నావా అంటే తిన్నా అంది. ఆపైన ఇద్దరం ఊరికే ఉండిపోయాం. అటువైపు మిషన్ చప్పుడు వినిపించింది. చెట్టు గురించి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. అబద్ధం ఉన్నన్నాళ్లూ మాటలకు కొరత లేదు. దాన్ని తీసేశాక మా మధ్య ఏం మిగిలిందో ఇద్దరికీ తెలియలేదు. ఆ చలికాలమంతా నేను వాకిట్లో కుర్చీ వేయలేదు. చీకటి పడగానే తలుపు వేసుకుని టీవీ పెట్టేదాన్ని. ఏం వస్తోందో చూసేదాన్ని కాదు.

ఫిబ్రవరిలో కొత్త చెట్టు ఆకులు పసుపు తిరిగాయి. ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఆకు పండుబారతాంది," అన్నాను.

"ఎర్రమన్ను పోసినావా?"

"లేదు."

"నేను చెప్పింది యాడ పెట్టినావు? చెవిలోనా, కిటికీలోనా?" అని ఐదు నిమిషాలు తిట్టింది. తిట్టినంతసేపూ నేను గోడకు ఆనుకుని విన్నాను. మధ్యలో కళ్లు తుడుచుకున్నాను కూడా. ఆ ఆదివారం ఒక ట్రాలీ ఎర్రమన్ను తెప్పించి, మధ్యాహ్నం దాకా తవ్వాను. వారం తర్వాత మళ్లీ చేసి, కొత్త చిగురు వచ్చిందని, కానీ దాని మీద చీమలున్నాయని చెప్పాను. "ఆఁ, ఇప్పుడు నమ్ముతా," అంది.

ఇప్పుడు శుక్రవారాలు మాట్లాడుకుంటాం. రోజూ లేదు. ఆమెకు అంగట్లో పని పెరిగిందంటుంది. నిజమో కాదో నేను అడగను.

మొన్న ఎండలు ముదరకముందు, ఇంటికి రమ్మని తానే పిలిస్తే నంద్యాల వెళ్లాను. మూడో అంతస్తులో రెండు గదులు. కూతురు అంగట్లో ఉంది. పెద్దమ్మ మాంసం కూర వండింది నాకోసం. కింద చాపేసుకుని ఎదురెదురుగా కూర్చున్నాం. నా కంచంలో వడ్డించడం, చాలు అనడం, ఇంకొంచెం అనడం తప్ప మా ఇద్దరికీ మాటలు రాలేదు. ఫోన్‌లో గంటసేపు మాట్లాడే మనుషులం, మొహాలు ఎదురైతే కొత్తవాళ్లమైపోయాం. ఆమె నా కాటన్ చీర అంచు పట్టుకుని చూసి, "బాగుండాది," అంది. నేను కిటికీలోంచి కనపడే మిద్దెల మీది నీళ్ల తొట్లు చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం మూడింటికి, పోయొస్తానన్నాను. ఆమె వద్దనలేదు.

బస్టాండు దాకా నాతో నడిచి వచ్చింది. ఆళ్లగడ్డ బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పక్కపక్కనే రెండు బస్సులు ఆగి ఉన్నాయి. నేను ఎక్కేటప్పుడు ఆమె అరటిపండ్లు కొనడానికి బండి దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చి, పండ్లు చేతిలో పట్టుకుని పక్క బస్సు కిటికీల్లోకి ఒక్కొక్కటిగా చూస్తూ నడిచింది. నేను దిగుదామని లేచేసరికి మా బస్సు కదిలింది. "పెద్దమ్మా," అని పిలిచాను. హారన్లలో వినపడలేదు. పక్క బస్సు కూడా అప్పుడే కదిలింది. ఆమె ఆగి, పండ్లున్న చెయ్యి పైకెత్తి, వెళ్లిపోతున్న ఆ పక్క బస్సుకు చాలాసేపు ఊపింది.